పేరు కింద ముడి

గోడౌన్ వీధి,
పాత రేవు వెనక

పిచ్చుకా,

మీ అన్నయ్య నీకు పెట్టిన పేరుతోనే మొదలుపెడుతున్నాను. ఆయన పోయి మూడేళ్ళయినా ఆ పిలుపు ఈ ఇంట్లో వినపడుతూ ఉండాలని నా కోరిక. నువ్వూ, మీ ఆయనా, పిల్లా, నీ కుట్టుమిషనూ క్షేమమని తలుస్తాను.

ఒక కబురుంది. మొన్న గోడౌన్‌లో పెట్టెల మీద అడ్రసులు రాస్తుంటే ఏదో కమిటీ గుమాస్తా ఒకడు నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. నా చేతిలో కుంచె, చెంప మీద నల్లరంగు. ఈవిడేనా అన్నట్టు కాసేపు చూశాడు. సంగతేమిటంటే, రేవులో బాంబు పేలి మీ అన్నయ్యతో కలిపి పోయిన పంతొమ్మిది మందికీ ఒక స్మారకం వస్తోందట. కట్టిస్తున్నది మనవాళ్ళు కాదు, సముద్రానికి అవతల ఎక్కడో ఒక చిన్న దేశం. రాయి వాళ్ళదే, చెక్కడం వాళ్ళదే, ఓడలో పంపించేదీ వాళ్ళే.

"వాళ్ళకి మనమేమవుతాం బాబూ?" అని అడిగాను.

"ఏమీ కామమ్మా. పదిహేనేళ్ళ కిందట వాళ్ళ రేవులోనూ ఇలాగే పేలిందట. అప్పుడు వాళ్ళని పలకరించిన దేశం లేదట. ఇంకెక్కడైనా రేవులో ఇలా జరిగితే మనం ఊరుకోకూడదని అప్పుడే అనుకున్నారట" అన్నాడు.

కుంచె డబ్బాలో పెట్టేసి ఏడ్చాను. ఈ మూడేళ్ళలో ఇలాంటి ఏడుపు రాలేదు. ఎవరో, మన మొహం కూడా ఎరగనివాళ్ళు, మన కోసం ఒక రాయి వెతుకుతున్నారు. తలుచుకుంటే ఇప్పటికీ చెయ్యెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తోంది.

రాయిని పాత రేవులోనే, టికెట్ గది ఉండే చోట నిలబెడతారు. వంతెన వచ్చాక అటు వెళ్ళేవాళ్ళెవరు? మా గోడౌన్ సందు తెలిసినవాళ్ళకి తప్ప కనపడదు. నాకు మాత్రం మేలే. మధ్యాహ్నం అన్నం డబ్బా అక్కడికే తీసుకెళ్ళి తింటాను.

చెక్కే ఆయన ఒక పద్ధతి పెట్టుకున్నాడట. ఎవరి పేరు వాళ్ళ సొంత దస్తూరిలోనే చెక్కుతాడు. అందుకని పోయినవాళ్ళు తమ చేత్తో రాసుకున్న పేరు ఒకటి పంపమన్నారు. లేకపోతే మామూలు అక్షరాల్లో చెక్కుతారట. మా ఇంట్లో ఏమీ లేదని చెప్పేశాను. మామూలు అక్షరాలైనా చాలు. దీనికోసం నువ్వేమీ శ్రమపడకు.

నీ
వదిన

*

యూనిఫారాల షాపు,
మేడ మీది గది

వదినకి నమస్కారం.

"శ్రమపడకు" అన్నచోట ఆగి నవ్వుకున్నాను. నీ ఇంట్లో లేకపోతే లోకంలోనే లేదనుకున్నావా? నా రేకుపెట్టెలో అన్నయ్య ఉత్తరాలు నూట ముప్ఫై ఆరు ఉన్నాయి. కమిటీ అడ్రసు రాయడం నువ్వు మర్చిపోతే నేను ఊరుకుంటానా? ఫోన్లు చేసి చేసి పట్టుకున్నాను. అన్నయ్య రాసిన ఆఖరి ఉత్తరం, కింద ఇంటిపేరుతో సహా నిండుగా పేరున్నది, నిన్ననే రిజిస్టరు పోస్టులో పంపేశాను. చూసుకుని తిరిగి పంపిస్తామన్నారు.

కోప్పడకు గానీ, మీ ఇద్దరి అక్షరాలూ పక్కపక్కన పెడితే నాకు నవ్వొస్తుంది. నీవి ఎదురుగాలిలో నడుస్తున్నట్టు ఏటవాలుగా ఉంటాయి. అన్నయ్యవి గుండ్రంగా, ముత్యాలు పేర్చినట్టు. బడికెళ్ళిన నీకంటే వెళ్ళనివాడి దస్తూరే బాగుంది.

నాన్న పోయిన ఏడు అన్నయ్యకి తొమ్మిదేళ్ళు, నాకు అయిదు. తను బడి గడప తొక్కకుండా లాంచీలో తాళ్ళు కట్టే పనికి వెళ్ళాడు, నేను పలక పట్టుకుని బడికి వెళ్ళాను. పెద్దయ్యాక అది నా గుండెలో ముల్లులా ఉండిపోయింది వదినా. మీ పెళ్ళయిన కొత్తలో అన్నయ్య చేతి ఉత్తరం వచ్చింది చూడు, ఆ రోజు వీధిలో అందరికీ చూపించాను. రాత్రిబడికి వెళ్ళావా అని రాస్తే అవునన్నాడు. ఆ అవునన్న మాటతో నా ముల్లు ఊడిపోయింది. అలాంటి దస్తూరి రాయి మీద ఉండద్దా?

ఆ దేశం చల్లగా ఉండాలి. మ్యాపులో వెతికాను. నా బొత్తాములో సగం లేదు.

పిచ్చుక

*

గోడౌన్ వీధి

పిచ్చుకా,

పంపించావా. సరే, మంచిదే.

నీ నోట్లో నువ్వుగింజ నానదని మీ అన్నయ్య ఊరికే అనలేదు. చేతులూ అంతే. నేను ఒక మాట అనేలోగా నువ్వు పోస్టాఫీసు దాకా వెళ్ళొస్తావు.

నీతో ఒకటి చెప్పాలి. తొందరేమీ లేదు, ఎప్పుడైనా తీరిగ్గా చెబుతాను. ఇక్కడ రేవులో పునాది తవ్వుతున్నారు. రోజూ వెళ్ళి చూసి వస్తున్నాను.

వదిన

*

యూనిఫారాల షాపు,
మేడ మీది గది

వదినా,

అన్నయ్య పేరు వచ్చేసింది. చెక్కే ఆయన పల్చటి కాగితం మీద మన ఉత్తరంలోని పేరు అచ్చంగా దింపి పంపాడు. మన లిపి ఒక్క అక్షరం తెలియని మనిషి ఒంపు తప్పకుండా ఎలా దింపాడో. మిషను ఆపేసి చూస్తూ కూర్చున్నాను. మీ తమ్ముడుగారు భోజనానికి మూడుసార్లు పిలిచి, చివరికి తనే వడ్డించుకున్నారు.

దాంతో ఒక ప్రశ్న కూడా వచ్చింది. పేరు కింద ఏదో మెలిక ఉంది, అది అక్షరమా, ఊరికే గీసిందా, ఉంచమంటారా తీసెయ్యమంటారా అని. నమూనా పంపినవాళ్ళే తేల్చాలట. అన్నయ్య ప్రతి ఉత్తరం కిందా కలం విదిలించినట్టు గీసేవాడు కదా, అదే. అక్షరం కాదు, తీసెయ్యండి, పేరు శుభ్రంగా ఉంటే చాలు అని సంతకం పెట్టి పంపించేశాను.

తీరిగ్గా చెబుతానన్నది ఏమిటి? నాకు తీరిక ఉండదని తెలిసీ అంటున్నావా?

పిచ్చుక

*

గోడౌన్ వీధి

పిచ్చుకా,

ఆ మెలిక తీసెయ్యద్దని మళ్ళీ రాయి తల్లీ. వెంటనే రాయి. అది ఉంటేనే మీ అన్నయ్య రాసినట్టు ఉంటుంది. ఇరవై రెండేళ్ళు ప్రతి ఉత్తరం కిందా వేసినది ఊరికే గీసింది ఎందుకవుతుంది?

వదిన

*

యూనిఫారాల షాపు,
మేడ మీది గది

వదినా,

నువ్వు ఇంత పట్టుబట్టడం నేనెప్పుడూ చూడలేదు. కానీ ఆలోచించు. పద్ధెనిమిది పేర్లూ చక్కగా ఉండి, మన ఒక్క పేరు కింద కోడి గీకినట్టు ఉంటే ఎలా ఉంటుంది? చూసినవాళ్ళు పాపం రాయడం సరిగా రానివాడనుకోరూ? ఎన్ని కష్టాలు పడి నేర్చుకున్నాడు. ఆ మాట మాత్రం నేను రానివ్వను.

పైగా సంతకం పెట్టిన కాగితం వెళ్ళిపోయింది. ఊరికే మార్చమంటే వాళ్ళేమనుకుంటారు? మనకి ఉచితంగా ఇస్తున్నవాళ్ళని ఇబ్బంది పెట్టకూడదు. నీకు సరైన కారణం ఉంటే చెప్పు, రాస్తాను.

పిచ్చుక

*

గోడౌన్ వీధి

పిచ్చుకా,

ఫోను మూడుసార్లు తీసి పెట్టేశాను. నోటితో చెప్పలేక రాస్తున్నాను. కూర్చుని చదువు.

మీ అన్నయ్యకి రాయడం రాదు. చదవడమూ రాదు. నీ పెట్టెలో ఉన్న నూట ముప్ఫై ఆరు ఉత్తరాలూ నేను రాసినవే. నువ్వు ముత్యాలన్నవి నేను పెట్టెల మీద అడ్రసులు రాసే అక్షరాలు. దూరం నుంచి కూలీలకి కనపడాలని గుండ్రంగా రాయడం నేర్పిస్తారు మాకు. ఆయన తరఫున ఆ అక్షరాలతో రాశాను, నా తరఫున ఏటవాలుగా రాశాను.

మోసం చెయ్యాలని మొదలుపెట్టింది కాదు. పెళ్ళయిన రెండో నెలలో "మా చెల్లికి రెండు ముక్కలు రాసిపెట్టు" అన్నాడు. రాసిపెట్టాను. నేను రాశానని ఉత్తరంలో చెప్పాలని నాకు తట్టలేదు. నువ్వు ఆ ఉత్తరం వీధంతా చూపించి, "రాత్రిబడికి వెళ్ళావా అన్నయ్యా" అని రాశావు. అది ఆయనకి చదివి వినిపించాను.

"అవుననే రాయి" అన్నాడు.

"అబద్ధం కదా" అన్నాను.

"నా చదువు తను తినేసిందని దానికో బాధ. చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. ఈ ఒక్క మాటతో పోతుందంటే పోనీ. దానికి మాత్రం ఎప్పుడూ చెప్పకు" అన్నాడు.

మాటిచ్చాను. ఈ రోజు తప్పుతున్నాను. ఎందుకో కూడా చెబుతాను.

నేర్పించకపోలేదు. పలక కొన్నాను. లాంచీ తాళ్ళు పట్టి పట్టి కాయలు కాసిన వేళ్ళు, బలపం నిలిచేది కాదు. "అక్షరాలు చేపపిల్లల్లా జారిపోతున్నాయే" అని నవ్వేవాడు. ఒకరోజు నేను నీకు ఉత్తరం పూర్తిచేసి ఆయన పేరు పెట్టాను. ఆయన నా చేతిలోంచి కలం తీసుకుని, ఆ పేరు కింద ఒక మెలిక, దాని మీదుగా ఇంకో మెలిక, చివర తోక వేశాడు. లాంచీ గట్టుకి రాగానే గుంజకి వేసే ముడి అది. రోజుకి ఇరవైసార్లు వేసేవాడు. "నా పేరు నువ్వు రాశావు. ఇది నేను రాశాను" అన్నాడు. ఆ రోజు నుంచి ముడి వెయ్యకుండా ఏ ఉత్తరమూ కవరులో పెట్టనివ్వలేదు.

అన్ని ఉత్తరాల్లోనూ ఆయన చేతిది ఆ ముడి ఒక్కటే పిచ్చుకా. పేరు నా దస్తూరి. ఆ ముడి తీసేస్తే రాయి మీద నేను ఉంటాను, ఆయన ఉండడు. పోయింది ఆయన కదా.

నన్ను ఏమన్నా పడతాను. ముందు వాళ్ళకి రాయి.

వదిన

*

యూనిఫారాల షాపు

వదినగారికి,

మీ ఉత్తరం అందింది. కమిటీకి ఫోను చేశాను. రాతపూర్వకంగా కావాలన్నారు. రాసి పంపాను. రాయి పని ఎంతవరకూ వచ్చిందో కనుక్కుని మీకు తెలియజేస్తామన్నారు.

బడులు తెరిచే రోజులు. పని ఎక్కువగా ఉంది.

ఇట్లు,
మీ ఆడపడుచు

*

గోడౌన్ వీధి

పిచ్చుకా,

"గారు" తగిలించావు. ఇరవై అయిదేళ్ళలో మొదటిసారి. నీ కోపం న్యాయమైనదే కాబట్టి దాని గురించి ఏమీ అనను.

గుమాస్తా వచ్చాడు. నీ కాగితం చేరేసరికి రాయి పూర్తయి ఓడ ఎక్కేసిందట. ముడి లేకుండానే. ఆ అబ్బాయి తన తప్పేదో ఉన్నట్టు తలవంచుకుని నిలబడ్డాడు. మంచినీళ్ళిచ్చి పంపాను.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. ముందే చెప్పి ఉంటే ఇంత జరిగేది కాదు. నువ్వు దీన్ని నీ మనసులో పెట్టుకుని బాధపడకు. తెలియక నువ్వు చేసిన తప్పేమీ లేదు. తెలిసీ చెప్పనిది నేను. అయినా పేరంటూ ఉంది. అడగకుండానే మనకి ఇంత చేసినవాళ్ళ దగ్గర ఇది లేదు, అది లేదు అనడానికి నాకు నోరు రాదు.

వదిన

*

యూనిఫారాల షాపు,
మేడ మీది గది

వదినా,

రెండు నెలలు నీకు రాయలేదు. కోపం వచ్చింది. నీ మీద, అన్నయ్య మీద, ఎక్కువగా నా మీద. ఇరవై రెండేళ్ళు నేనెవరితో మాట్లాడాను అనిపించింది. ఊడిపోయిందనుకున్న ముల్లు అక్కడే ఉంది. రెండు వారాలు రేకుపెట్టె వైపు చూడలేదు. మూడో వారం దాన్ని మంచం మీద బోర్లించాను.

కట్టలు కట్టడం మొదలుపెట్టాను. అన్నయ్య మాటలు ఒక కట్ట, నీ మాటలు ఒక కట్ట. మొదట్లో తేలిగ్గానే ఉంది. "గాలి తిరిగింది, రేపు ప్రయాణం పెట్టుకోవద్దు" అన్నది అన్నయ్య. "పిల్లకి జలుబు చేస్తే తల తుడవడం మరిచిపోకు" అన్నది నువ్వు. నా పెళ్ళినాటి చీర ఏ రంగో గుర్తుపెట్టుకుని రాసింది కచ్చితంగా నువ్వు, అన్నయ్యకి పచ్చకీ నీలానికీ తేడా తెలియదు. కానీ పోనుపోను మూడో కట్ట పెద్దదైంది. ఏది ఎవరిదో తెలియని కట్ట. చివరికి నూట ముప్ఫై ఆరులో తొంభై దాంట్లోకే చేరాయి. ఇంకెందుకని మూడూ కలిపేశాను.

ఇంకోటి గుర్తొచ్చింది. అన్నయ్య మా ఇంటికి ఎప్పుడొచ్చినా పేపరు నా చేతికిచ్చి "చదివి వినిపించు, కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయాను" అనేవాడు. అన్నయ్యకి అసలు కళ్ళజోడే లేదు కదా వదినా. నేను ఒక్కసారైనా ఆలోచించలేదు. దాన్ని తలుచుకుని నవ్వాను, నవ్వుతూ ఏడ్చాను. మా ఆయన కంగారుపడి పిల్లని పిలిచారు.

ఒక్కటి మాత్రం అడుగుతాను. నిజం చెప్పు, నా మనసు కోసం మార్చకు. నా పెద్దపిల్ల మూడు నెలలకే పోయినప్పుడు ఒక ఉత్తరం వచ్చింది. రెండు పేజీలు. ఆ ఉత్తరమే నన్ను లేపి కూర్చోబెట్టింది. అందులో ఒక వాక్యం ఉంది, ఇప్పటికీ ఏ కష్టమొచ్చినా అదే అనుకుంటాను. ఆ ఉత్తరం ఎవరిది? నువ్వు రాసిందైతే రాసిందనే చెప్పు.

పిచ్చుక

*

గోడౌన్ వీధి

పిచ్చుకా,

నువ్వు మళ్ళీ "వదినా" అని రాశావు. అది చాలు నాకు.

అడిగావు కాబట్టి ఉన్నదున్నట్టు చెబుతాను. నీ కబురు వచ్చిన రోజు ఆయన పని నుంచి వచ్చి చెప్పులు విప్పకుండా గడప మీద కూర్చుండిపోయాడు. రాయమని అడగలేదు. నేనే కాగితం తీశాను. ఆ రెండు పేజీలూ నేను రాశాను. బిడ్డలు లేని దాన్ని, ఏం రాశానో నాకే తెలియదు. పూర్తిచేసి చదివి వినిపించాను. అంతా విని, "నువ్వు చెప్పినవన్నీ బాగున్నాయి గానీ, అది ఏమీ తిని ఉండదు" అన్నాడు. "ముందు అన్నం తినమను. ఏడవడానికి రోజంతా ఉంది అని రాయి" అన్నాడు.

చివరి వాక్యం అదే. ఆ ఉత్తరంలో మీ అన్నయ్యది అదొక్కటే. నువ్వు అనుకునే వాక్యం ఏదో నాకు తెలియదు.

తర్వాత ముడి వేశాడు. మామూలుగా చిటికెలో వేసేవాడు, ఆ రోజు చాలాసేపు పట్టింది. ఎంత నొక్కి పెట్టాడంటే కలం మొన వంగిపోయింది. ఆ కలం ఇంకా నా దగ్గరే ఉంది.

ఇప్పుడు ఒక మంచి కబురు. రాయి వెనకాలే చెక్కిన ఆయనా వస్తున్నాడట, నిలబెట్టే రోజుకి. నీ కాగితం చదివించుకుని, ఎవరూ చెప్పకుండానే తన ఉలీ సుత్తీ సర్దుకున్నాడట. పేరు కింద చోటుంది, నమూనా ఇస్తే అక్కడికక్కడే చెక్కుతాను అని కబురు పెట్టాడు. ముందు పంపిన ఉత్తరం నీకు తిరిగి వచ్చేసింది కదా. ఏదో ఒకటి నువ్వే ఎంచి పంపాలి. పోస్టులో పోతుందని భయమైతే వద్దు. నేను నిన్ను అడగగలిగినదాని కంటే ఇప్పటికే ఎక్కువ అడిగాను.

వదిన

*

యూనిఫారాల షాపు,
మేడ మీది గది

వదినా,

ఆ వాక్యం అదే.

ఇరవై తొమ్మిదో పుట్టినరోజు దాటినదాన్ని, మంచం దిగలేక పడి ఉన్నాను అప్పుడు. అది చదివి లేచి వంటింట్లోకి వెళ్ళి చల్లబడిన అన్నం నిలబడే తిన్నాను. తర్వాత నిజంగానే రోజంతా ఏడ్చాను. అన్నయ్య చెప్పిన వరస తప్పలేదు.

నువ్వు రాసిన రెండు పేజీలూ మళ్ళీ చదివాను. అవి లేకపోతే చివరి వాక్యం దాకా నేను వచ్చేదాన్నే కాదు. మొత్తం చదివాకనే కదా లేచాను. కాబట్టి వదినా, అన్నయ్యకి ఎంత రుణపడ్డానో నీకూ అంతే. ఇరవై రెండేళ్ళు పగలంతా పెట్టెల మీద పేర్లు రాసి, ఇంటికొచ్చి మళ్ళీ నాకోసం అవే అక్షరాలు దిద్దావు. కృతజ్ఞత అన్న మాట నాకు ఎప్పుడూ పుస్తకాల్లో మాటలా ఉండేది. ఇప్పుడు తెలిసింది.

ముల్లు సంగతి కూడా చెప్పాలి. ఉంది, ఉండనీ. నా చదువు కోసం తన చదువు ఇచ్చాడు, అది నిజం. రాత్రిబడి అబద్ధం. నిజాన్ని దాచుకోవడం కంటే మోసుకోవడమే తేలిక అని ఈ రెండు నెలల్లో తెలిసింది.

దీంతో ఆ ఉత్తరమే పంపిస్తున్నాను. పోస్టాఫీసు అమ్మాయి చేత మూడుసార్లు ముద్ర వేయించాను. నాకు పిచ్చనుకుంది. ముడి ఉన్నచోట కాగితం వెనక్కి తిప్పి వేలు పెట్టి చూడు. పదిహేడేళ్ళయినా గాడి తెలుస్తోంది.

పిల్లకి పరీక్షలు, షాపులో పని. ఆ రోజుకి రాలేను. నా తరఫున కూడా నువ్వే ముట్టుకో.

పిచ్చుక

*

గోడౌన్ వీధి,
పాత రేవు వెనక

పిచ్చుకా,

నిన్న రాయి నిలబెట్టారు.

వచ్చినవాళ్ళం నలభై మందికి మించం. పోయినవాళ్ళ మనుషులం, గుమాస్తా, ఆ దేశం నుంచి ఇద్దరు అధికారులు, మా గోడౌన్ కూలీలు. పెద్దగా ఉపన్యాసాలు లేవు. ఆ అధికారుల్లో ఒకావిడ మన భాషలో నాలుగు మాటలు బట్టీపట్టి వచ్చింది. మూడో మాట మర్చిపోయి, కాగితం వెతుక్కుని, మళ్ళీ మొదటి నుంచి చెప్పింది. మేమందరం ఆవిడతో పాటు పెదవులు కదిపాం.

రాయి బూడిదరంగుది, మనిషెత్తు. మధ్యలో నీళ్ళ వైపు చూసేలా ఒక కంత. దాంట్లోంచి చూస్తే లాంచీలు ఆగిన చోటు కనపడుతుంది. చెక్కిన ఆయన ముసలివాడు, చెవి కాస్త వినపడదు. దుబాసీ ఉన్నాడు గానీ మాకు వాడి అవసరం ఎక్కువ పడలేదు. మీ అన్నయ్య పేరు చూశాను. నా అక్షరాలు నాకే కొత్తగా అనిపించాయి. పెట్టెల మీద వేసే అక్షరాలు, ఏ ఓడ ఎక్కుతాయో తెలియకుండా వెళ్ళిపోయేవి, అవి ఓడలోనే తిరిగొచ్చి నిలబడ్డాయి.

నీ ఉత్తరం ఆయన చేతిలో పెట్టాను. ముందు వైపు ఎక్కువసేపు చూడలేదు. వెనక్కి తిప్పి గాడి మీద బొటనవేలు పెట్టి, కళ్ళు మూసుకుని, ఆ దారిలో మూడు నాలుగుసార్లు తిప్పాడు. దుబాసీతో ఏదో అన్నాడు. "ఇది మీ ఆయన ముందే చెక్కి పెట్టాడు, నేను రాయి మీదికి ఎక్కిస్తానంతే అంటున్నారమ్మా" అని చెప్పాడు దుబాసీ.

ముప్పావుగంట పట్టింది. ఎవరూ వెళ్ళలేదు. కూలీల్లో ఒకడు, మీ అన్నయ్యతో లాంచీ మీద పనిచేసినవాడు, దగ్గరికొచ్చి చూసి, "గుంజముడి. మీ ఆయన వేస్తే తుఫానుకి కూడా ఊడేది కాదు" అన్నాడు. దుబాసీ అది చెబితే ముసలాయన సుత్తి ఆపి నవ్వాడు. వాళ్ళ రేవులోనూ అదే ముడి వేస్తారట. వాళ్ళ బాంబులో ఆయన తమ్ముడు పోయాడట. ఆ రాయి ఇంకా ఎవరూ చెక్కలేదట.

ఆయనకి నమస్కారం పెట్టాను. ఆయన నా రెండు చేతులూ పట్టుకుని, వేళ్ళకి అంటిన నల్లరంగు చూసి, రాయి మీది అక్షరాలు చూసి, మళ్ళీ నా వేళ్ళు చూశాడు. అర్థమైపోయింది పిచ్చుకా. మనం ఎవరికీ చెప్పలేదు. మన లిపి రాని మనిషి చదివేశాడు. తలూపాడంతే.

అందరూ వెళ్ళాక ముట్టుకున్నాను, ముందు నా తరఫున, తర్వాత నీ తరఫున. అక్కడే కూర్చుని అన్నం తిన్నాను. ఏడవడం తర్వాత పెట్టుకున్నాను.

నీ ఉత్తరం ఇందులో పెట్టి పంపుతున్నాను, భద్రం. ఒకటి అడుగుతాను. రెండు రకాలుగా రాయడం అలవాటైపోయి, ఇక మీద నీకు ఏ చేత్తో రాయాలో తెలియడం లేదు. ఏటవాలుగా రాయనా, గుండ్రంగా రాయనా?

వదిన

*

యూనిఫారాల షాపు,
మేడ మీది గది

వదినా,

ఉత్తరం చేరింది. రెండూ చేరాయి.

గుండ్రంగా రాయి. పేరు కింద కాస్త చోటు వదిలిపెట్టు.

పిచ్చుక